ముందు రేవు తేల్చుకోండి, తర్వాతే గది

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. సెప్టెంబర్‌లో కుటుంబమంతా ఏడు రాత్రుల క్రూజ్‌కి వెళ్తున్నాం. టికెట్ మీద బయలుదేరే రేవు ‘వెనిస్ (రవెన్నా), ఇటలీ’ అని ఉంది. ఓడ శనివారం సాయంత్రం 5 గంటలకి కదులుతుంది. క్రొయేషియా, మాంటెనెగ్రో, గ్రీస్ తిరిగి మళ్లీ అక్కడికే వస్తుంది. మేం దుబాయ్ మీదుగా గురువారం మధ్యాహ్నం వెనిస్‌లో దిగుతాం. నేను, మావారు, 12 ఏళ్ల బాబు, అత్తగారు, మామగారు. మామగారికి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. పెద్ద సూట్‌కేసులు ఐదు ఉంటాయి. మూడు హోటళ్లు చూసి పెట్టాను. ఒకటి రియాల్టో వంతెన దగ్గర పాత భవనంలో మూడో అంతస్తు, రేటింగ్ 9 పైనే. రెండోది వెనిస్ దీవులకి ఇవతల, ప్రధాన భూభాగంలో ఉన్న మెస్త్రే స్టేషన్ ఎదురుగా. మూడోది మరీనా ది రవెన్నాలో, మ్యాప్‌లో చూస్తే ఓడ దగ్గరికి కిలోమీటరు కూడా లేదు. ఏది తీసుకోమంటారు? వెనిస్ చూడకుండా ఓడెక్కడానికి మావారు ఒప్పుకోరు.

సమాధానం: మూడింటిలో మొదటిదీ మూడోదీ కొట్టేయండి. మెస్త్రేది ఉచితంగా రద్దు చేసుకునే వీలుంటే చేతిలో ఉంచుకోండి. దానికన్నా మీ ఇంటికి సరిపోయే నాలుగో చోటు ఒకటుంది. దాని సంగతి చెప్పేముందు మీ టికెట్ మీద బ్రాకెట్లో ఉన్న ఆ ఒక్క పేరు గురించి మాట్లాడుకోవాలి. మీ హోటల్ ఎక్కడుండాలో చాలావరకు తేల్చేది అదే.

పెద్ద క్రూజ్ ఓడలు ఇప్పుడు వెనిస్ నడిబొడ్డులోకి రావు. 2021 ఆగస్టు 1 నుంచి 25,000 స్థూల టన్నేజీ (ఓడ పరిమాణానికి కొలత) దాటిన ఓడలని, 180 మీటర్ల కంటే పొడవైనవాటిని, నీటిమట్టం నుంచి 35 మీటర్లు మించి ఎత్తున్నవాటిని ఊరి ప్రధాన చౌకు సాన్ మార్కో ముందు నుంచి, జుదెక్కా కాలువ గుండా వెళ్లనివ్వడం లేదు. ఈ రోజుల్లో పేరున్న కంపెనీల ఓడలు చాలావరకు ఈ హద్దుకి ఎంతో పైన ఉంటాయి కాబట్టి అవన్నీ పక్క రేవులకి చెదిరిపోయాయి. కొన్ని ఊరి ఎదురుగా ప్రధాన భూభాగంలో ఉన్న మార్గెరా అనే పారిశ్రామిక రేవుకి వెళ్తాయి, కొన్ని ట్రియెస్తేకి, కొన్ని రవెన్నాకి. కియోజ్జా దగ్గర ఆగేవి కూడా ఉన్నాయి. టికెట్ మీద మాత్రం వెనిస్ పేరే ముందు వేస్తారు, ఎందుకంటే అమ్ముడుపోయేది ఆ పేరే.

మీ ఓడ ఆగేది రవెన్నా ఊళ్లో కూడా కాదు. రవెన్నాకి దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో సముద్రపు ఒడ్డునున్న పోర్తో కోర్సినిలో. వెనిస్ నుంచి అక్కడికి దాదాపు 150 కిలోమీటర్లు, రోడ్డు మీద రెండు నుంచి రెండున్నర గంటలు. అంటే మీరు వెతుకుతున్నది ‘ఓడ పక్కన హోటల్’ కాదు, రెండు ఊళ్ల మధ్య ప్రయాణాన్ని ఎక్కడ విరవాలి అన్నదే అసలు ప్రశ్న. కంపెనీలు రేవుని మధ్యలో మార్చడమూ ఉంది కాబట్టి బుకింగ్ కాగితంలో, చివరి ఇన్వాయిస్‌లో, బోర్డింగ్ పాస్‌లో టెర్మినల్ చిరునామాని విడివిడిగా చూడండి. మూడూ ఒక్కలాగే ఉంటేనే డబ్బు తిరిగిరాని గది తీసుకోండి.

మరీనా ది రవెన్నా హోటల్‌ని ఎందుకు వద్దన్నామో ఇప్పుడు చెప్పుకుందాం. మ్యాప్‌లో మీరు చూసింది నిజమే, ఓడ కళ్లెదురుగానే ఉంటుంది. కానీ మధ్యలో కాండియానో అనే ఓడల కాలువ ఉంది. దక్షిణపు ఒడ్డున మరీనా, ఉత్తరపు ఒడ్డున పోర్తో కోర్సిని. దాటడానికి వంతెన లేదు. బల్లకట్టు లాంటి ఫెర్రీ ఎక్కాలి, లేదా రవెన్నా దాకా వెనక్కి వెళ్లి కాలువని చుట్టి రావాలి. ఐదు పెట్టెలతో ఫెర్రీ దాకా వెళ్లడం, దిగాక అవతల టెర్మినల్ దాకా ఇంకో బండి చూసుకోవడం మీకు అనవసరమైన తలనొప్పి. పైగా అది బీచ్ ఊరు. మీరు చూడాలనుకునేవి అక్కడ ఏమీ లేవు.

వంతెనలు లెక్కపెట్టడం

ఇక రియాల్టో దగ్గరి హోటల్. వెనిస్‌లో రోడ్డు పియాజ్జాలే రోమా అనే చౌకు దగ్గర ఆగిపోతుంది. రైలు సాంతా లూచియా స్టేషన్ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి కారు, ఆటో, సైకిల్ ఏదీ ఉండదు. కాలినడక, లేదా పడవ. ఊళ్లో 400కి పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నిటికీ రెండు వైపులా మెట్లే. కాబట్టి ఇక్కడ హోటల్ చూసేటప్పుడు రేటింగ్ కంటే, స్టార్ల కంటే ముందు చూడాల్సింది ఒకటే: మీరు దిగే చోటు నుంచి హోటల్ గుమ్మం దాకా ఎన్ని వంతెనలు?

ఒక్క వంతెన అంటే ఏమిటో మీ లెక్కలోనే వేసి చూడండి. మీ ఇంట్లో 23 కిలోల పెట్టె ఎత్తగలిగేది మీరు, మీవారు. వంతెనకి ఇటు పది పదిహేను మెట్లు, అటు పది పదిహేను మెట్లు. పెట్టె చక్రాలు మెట్ల మీద పనికిరావు, ఎత్తే మోయాలి. ఐదు పెట్టెలంటే ఇద్దరూ రెండుసార్లు పోయిరావాలి, ఐదోదాని కోసం ఒకరు మళ్లీ వెళ్లాలి. ఈలోగా ఇవతలి పెట్టెల దగ్గర అత్తగారు, అవతల దించినవాటి దగ్గర బాబు కాపలా. మామగారిని చెయ్యి పట్టుకుని దాటించేవాళ్లు ఇంకొకరు కావాలి, ఆ ఇంకొకరు లేరు. వెనక పర్యాటకుల గుంపు దారి కోసం నిలబడి ఉంటుంది. ఇది ఒక వంతెన. రియాల్టో పడవ స్టాపులో దిగాక లోపలి సందుల్లో మీ హోటల్‌కి ఒకటి రెండు వంతెనలున్నా, ఆపైన లిఫ్ట్ లేని మూడు అంతస్తులున్నా, ఆ రోజు ఇక ఎవరూ బయటికి రారు.

ఆ 9 రేటింగ్ అబద్ధం కాదు. ఇచ్చినవాళ్లు ఎక్కువమంది వీపున ఒక సంచితో వచ్చిన కుర్ర జంటలు, అంతే. బుకింగ్ సైట్‌లో సమీక్షల్ని ‘కుటుంబాలు’ అనే రకానికి కుదించండి. తర్వాత లిఫ్ట్, మెట్లు, సామాను అన్న మాటలతో వెతకండి. అప్పుడు అదే హోటల్ వేరేగా కనిపిస్తుంది. పాత భవనాలకి వారసత్వ నిబంధనలు ఉండటం వల్ల చిన్న హోటళ్లలో చాలాచోట్ల లిఫ్ట్ పెట్టుకోలేరు. ఉన్నచోట కూడా అది మొదటి అంతస్తు నుంచే మొదలవడం, లేదా ఒక మనిషికీ ఒక పెట్టెకీ మాత్రమే పట్టడం మామూలే. అంతస్తుల లెక్క మన లాగే కింది అంతస్తు, మొదటి అంతస్తు అని ఉంటుంది. అయితే వెనిస్ ఇళ్లలో ఈ రెంటి మధ్య ఒక పొట్టి అంతస్తు దూరి ఉండొచ్చు. అలాంటి భవనంలో ‘రెండో అంతస్తు’ అంటే ఎక్కడానికి మూడు.

వంతెనలు లెక్కపెట్టడానికి గూగుల్ మ్యాప్‌లో నడక దారి వేసి, ఉపగ్రహ చిత్రంలోకి మారి బాగా దగ్గరికి లాగండి. దారి కాలువని దాటిన ప్రతిచోటా ఒక గుర్తు పెట్టుకోండి. హోటల్ వాళ్లిచ్చే చిరునామాని నమ్ముకుని లెక్కపెట్టకండి. వెనిస్ చిరునామాలో పేట పేరు, నంబరు మాత్రమే ఉంటాయి. ఊరు ఆరు పేటలు, ఒక్కో పేటలో నంబర్లు వేలల్లోకి పోతాయి, పక్కపక్క సందుల్లో నంబర్లకి పొంతన ఉండదు. హోటల్‌ని సందు పేరు అడిగి, మ్యాప్ పిన్ తెప్పించుకుని, దాని మీద లెక్కపెట్టండి. వీల్‌చెయిర్‌తో తిరగగలిగే ప్రాంతాలు చూపించే మ్యాప్‌ని నగరపాలక సంస్థే తన వెబ్‌సైట్‌లో పెట్టింది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి అంతకంటే మంచి మ్యాప్ లేదు.

ఇప్పుడు ఆ నాలుగో చోటు. సాంతా లూచియా స్టేషన్ నుంచి బయటికొచ్చి ఎడమవైపు తిరిగితే లిస్తా ది స్పాన్యా అనే వెడల్పాటి వీధి. కన్నరేజో పేటలోకి వస్తుంది. స్టేషన్ నుంచి సాన్ జెరెమియా చౌకు దాటి గూల్యే వంతెన మొదలయ్యే దాకా మధ్యలో ఒక్క వంతెన కూడా లేదు, నేలంతా చదును. ఆ వీధిలోనే చాలా హోటళ్లున్నాయి, వాటిలో లిఫ్ట్ ఉన్నవి వెతికితే దొరుకుతాయి. మీ హోటల్ ఈ గీత మీద, గూల్యే వంతెనకి ఇవతలే ఉండాలి. వంతెన అవతలికి వెళ్తే చవక, ఇంకొంచెం అందం కూడా. కానీ మీకది పనికిరాదు.

ఈ వీధి వెనిస్‌లో కెల్లా అందమైనదేమీ కాదు. సావనీర్ల దుకాణాలు, ఫోటోల మెనూ పెట్టి పిలిచే రెస్టారెంట్లు. పొద్దున ఐదింటి నుంచే రాళ్ల మీద సూట్‌కేసుల చక్రాల చప్పుడు. గది వీధివైపు కాకుండా లోపలి పెరటివైపు ఇమ్మని రాయండి. భోజనం మాత్రం గూల్యే అవతల కాలువ గట్టు మీదో, ఇంకా లోపలో చూసుకోండి. సామాను లేనప్పుడు ఒక వంతెన ఎక్కడం మామగారు నెమ్మదిగా చేసేస్తారు.

విమానాశ్రయం నుంచి ఆ వీధికి చేరే దారిలోనే చాలామంది పొరపడతారు. మార్కో పోలో విమానాశ్రయం దీవుల మీద కాదు, ప్రధాన భూభాగంలోనే ఉంది. (కాకతీయుల కాలపు మన మోటుపల్లి రేవు గురించి, అక్కడి సన్నని వస్త్రాల గురించి లోకానికి చెప్పిన వెనిస్ వర్తకుడి పేరే దానికి పెట్టారు.) అందరూ చెప్పేది పియాజ్జాలే రోమాకి బస్సు. టికెట్ 10 యూరోలు, ఇరవై పాతిక నిమిషాలు. అయితే అక్కడి నుంచి స్టేషన్ వైపు రావాలంటే ఊరి మధ్య పారే పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ మీదున్న కాలత్రావా వంతెన దాటాలి. 2008లో కట్టిన ఈ వంతెనకి గాజు మెట్లు పెట్టారు. జనం జారి పడుతుంటే కొన్నిచోట్ల తీసి రాయి వేశారు. మెట్ల వెడల్పు ఒక్కలా ఉండదు, పెట్టె పట్టుకున్న మనిషి అడుగు తప్పడం ఖాయం. దాన్ని తప్పించుకోవాలంటే వాపొరెత్తో అనే నీటి బస్సులో ఒక్క స్టాపు రావాలి. మామూలు టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. ఐదుగురికి 47.50. ఆరేళ్లలోపు పిల్లలకే ఉచితం కాబట్టి మీ బాబుకీ టికెట్ పడుతుంది. ఒక మనిషికి ఒక పెట్టె ఉచితం, అదీ పొడవు, వెడల్పు, మందం కలిపి 150 సెంటీమీటర్లు మించకూడదు. 28 అంగుళాల సూట్‌కేసు ఈ హద్దు మీదే ఉంటుంది, ఇంట్లోనే టేపు పెట్టి కొలుచుకోండి.

మీకు దానికన్నా మేలైన దారి మెస్త్రే మీదుగా. విమానాశ్రయం నుంచి మెస్త్రే స్టేషన్‌కి నేరుగా బస్సుంది. కోచ్ బస్సయితే పెట్టెలు కింద డిక్కీలో పెడతారు. మెస్త్రేలో ప్లాట్‌ఫారాలకి లిఫ్ట్ ఉంది. అక్కడి నుంచి సాంతా లూచియాకి కొద్ది నిమిషాలకొక రైలు, పది పన్నెండు నిమిషాల ప్రయాణం, టికెట్ రెండు యూరోల లోపే. సాంతా లూచియా చివరి స్టేషన్ కాబట్టి ప్లాట్‌ఫారం నుంచి హాలు దాకా మెట్లు ఎక్కే పనే లేదు. బయట వెడల్పాటి మెట్లున్నా పక్కన ర్యాంపు ఉంది. విమానం దిగినప్పటి నుంచి హోటల్ గుమ్మం దాకా వంతెనలు సున్నా, ఖర్చు ఐదుగురికి కలిపి 60 యూరోల లోపు. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న చిన్న మిషన్‌లో ముద్ర కొట్టించడం మర్చిపోవద్దు. టికెట్ ఉండి ముద్ర లేకపోయినా జరిమానా వేస్తారు.

విమానాశ్రయం జెట్టీ నుంచి వాటర్ ట్యాక్సీ మాట్లాడుకుంటే 120 నుంచి 150 యూరోలు అవుతుంది. నలుగురు దాటితే, పెట్టెలు ఎక్కువైతే అదనం. డబ్బుకి వెనకాడకపోతే అత్తగారు, మామగారు జన్మలో మర్చిపోని రాక అదే. కానీ హోటల్‌కి సొంత జెట్టీ ఉందో లేదో అడక్కుండా తీసుకోకండి. లేకపోతే దగ్గర్లోని రేవు మెట్ల దగ్గర దింపేసి వెళ్తాడు, మళ్లీ పెట్టెల కథే.

మెస్త్రే హోటల్‌ని మేం తీసిపారేయడం లేదు. గదులు పెద్దవి, లిఫ్ట్ ఖాయం, అద్దె తక్కువ, విమానాశ్రయం బస్సు వాకిట్లోనే. లిస్తా ది స్పాన్యాలో లిఫ్టున్న గది దొరక్కపోతే కళ్లు మూసుకుని మెస్త్రే తీసుకోండి. కోల్పోయేది ఒకటే: రాత్రి ఎనిమిది తర్వాత, పొద్దున ఎనిమిదికి ముందు, ఒక్కరోజు పర్యాటకులు లేనప్పటి వెనిస్. మీవారు అడిగేది బహుశా ఆ వెనిస్సే. మెస్త్రేలో స్టేషన్‌కి సరిగ్గా ఎదురుగా ఉన్నవే చూడండి. లోపలి వీధుల్లోకి వెళ్తే రాత్రిపూట పెద్దవాళ్లతో నడవడానికి అంత బాగోదు.

రెండో రాత్రి ఎక్కడ?

ఇది మీ లేఖలో లేని ప్రశ్న, కానీ ఓడ అందుకోవడం దీని మీదే ఆధారపడి ఉంది. ఈ రోజే క్రూజ్ కంపెనీకి రాసి, శనివారం వెనిస్ నుంచి పోర్తో కోర్సినికి వాళ్ల సొంత బస్సు ఉందా, ఎక్కడి నుంచి, ఎన్నింటికి అని అడగండి. కంపెనీ బస్సు దారిలో ఆలస్యమైతే ఆ బాధ్యత కంపెనీది. మీరు సొంతంగా మాట్లాడుకున్న వ్యాన్ ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు. ఐదుగురికి బస్సు చార్జీ ఎక్కువనిపించినా ఈ ఒక్క ఖర్చులో పిసినారితనం వద్దు.

బస్సు దొరికితే రెండు రాత్రులూ కన్నరేజోలోనే ఉండండి. సామాను ఒకసారే విప్పి, ఒకసారే కట్టొచ్చు. బస్సు విమానాశ్రయం నుంచి అయితే వచ్చిన దారినే రైలు, మెస్త్రే, బస్సు. మారిత్తిమా అనే పాత క్రూజ్ టెర్మినల్ నుంచి అయితే పియాజ్జాలే రోమా దగ్గర పీపుల్ మూవర్ అనే చిన్న రైలెక్కాలి. టికెట్ 1.50 యూరోలే. కానీ పియాజ్జాలే రోమాకి రావడానికి మళ్లీ కాలత్రావా వంతెనో వాపొరెత్తోనో తప్పదు. ఆ ఒక్కరోజుకి లైసెన్సున్న పోర్టరుని పెట్టుకోండి. స్టేషన్ దగ్గర, పియాజ్జాలే రోమా దగ్గర ఉంటారు, పెట్టెకి ఇంత అని లెక్క. పెట్టె మీద చెయ్యి వేసేముందే మొత్తం ఎంతో చెప్పించుకోండి.

కంపెనీ బస్సు లేకపోతే, లేదా నిండిపోతే, శుక్రవారం సాయంత్రానికి రవెన్నా చేరి రెండో రాత్రి అక్కడే ఉండండి. శనివారం పొద్దున వెనిస్‌లో బయలుదేరి సాయంత్రం ఓడెక్కడం కాగితం మీద తేలికే. 5 గంటల ఓడకి చెక్-ఇన్ సాధారణంగా గంట, గంటన్నర ముందే మూసేస్తారు, అంటే మీ అసలు గడువు 3:30. రెండు ఊళ్లనీ కలిపే రోమేయా అనే 309 నంబరు రోడ్డు చాలావరకు ఇటు ఒక వరస, అటు ఒక వరస మాత్రమే. లారీలు ఎక్కువ, ప్రమాదాలకి పేరుపడ్డది. ఒక్క లారీ అడ్డం తిరిగితే గంటలు పోతాయి. బొలోన్యా మీదుగా హైవే దూరం ఎక్కువైనా నమ్మకమైనది. వ్యాన్ మాట్లాడుకుంటే ఏ దారిలో తీసుకెళ్తాడో ముందే అడగండి, పొద్దున తొమ్మిదికల్లా బయలుదేరండి.

రైలైతే మామూలుగా ఫెర్రారాలోనో బొలోన్యాలోనో మారాలి, మొత్తం దాదాపు మూడు గంటలు. ఇటలీలో రైల్వే సమ్మెలు తరచూ వస్తాయి, ముందుగానే ప్రకటిస్తారు. సమ్మె రోజైనా పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ప్రాంతీయ రైళ్లు కొన్ని నడపాలన్న నియమం ఉంది. మీ శుక్రవారానికి సమ్మె పడితే ఆ రెండు వేళల్లోకే ప్రయాణం జరపండి.

రవెన్నాలో ఒక రాత్రి అంటే మీవారు మొహం ముడుచుకోవచ్చు. ఆ ఊరు తక్కువదేం కాదు. క్రీ.శ. 402 నుంచి పశ్చిమ రోమన్ సామ్రాజ్యానికి రాజధాని. అంతకుముందే అగస్టస్ తన నౌకాదళాన్ని ఆ పక్కనే క్లాస్సే రేవులో పెట్టాడు. ఐదు, ఆరు శతాబ్దాల నాటి ఎనిమిది కట్టడాలు 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి, వాటిలో చాలావాటికి పేరు తెచ్చింది మొజాయిక్‌లే. రైల్వే స్టేషన్ నుంచి కొద్ది నిమిషాల నడకలో సాంత్ అపొల్లినారే నువోవో చర్చి, ఇంకాస్త లోపలికి వెళ్తే సాన్ వితాలే, దాని పక్కనే గాల్లా ప్లాచీదియా సమాధి మందిరం. ఊరంతా చదును, మామగారికి వెనిస్ కంటే ఇదే హాయి. హోటల్ స్టేషన్‌కీ పాత ఊరికీ మధ్య చూసుకోండి. శనివారం 11, 12 మధ్య రేవుకి ట్యాక్సీ కావాలని ముందురోజు రిసెప్షన్‌లో చెప్పండి. ఐదుగురు, ఐదు పెట్టెలు అని కూడా చెప్పాలి. మామూలు కారు వస్తే సగంమందే పడతారు.

మీరు గురువారమే దిగడం చాలా మంచి నిర్ణయం. దుబాయ్‌లో ఒక పెట్టె తప్పిపోయినా మీ వెనకాలే వచ్చి చేరడానికి ఒకరోజు పైన చేతిలో ఉంటుంది. యూరప్ సరిహద్దుల్లో 2025 అక్టోబర్ నుంచి వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది, క్యూ ఎంతసేపో చెప్పలేం. తిరిగొచ్చే రోజు కూడా లెక్క వేయండి. ఓడ దిగేసరికి 8 లేదా 9, బస్సులో రెండున్నర గంటలు, కాబట్టి మధ్యాహ్నం 3కి ముందు విమానం పెట్టుకోకండి.

శుక్రవారం వెనిస్ తిరగడానికి వాపొరెత్తో 24 గంటల పాస్ 25 యూరోలు. గడియారం కొన్నప్పటి నుంచి కాదు, మొదటిసారి మిషన్ మీద ఆనించినప్పటి నుంచి తిరుగుతుంది. గురువారం సాయంత్రం 6కి మొదలుపెడితే శుక్రవారం సాయంత్రం 6 దాకా చెల్లుతుంది, ఒక్క పాస్‌తో ఒక సాయంత్రం, ఒక పూర్తి పగలు గడిచిపోతాయి. ప్రతిసారీ ఎక్కేముందు ఆనించాలి. స్టేషన్ ముందు 1 నంబరు ఎక్కితే గ్రాండ్ కెనాల్ పొడవునా ఆగుతూ సాన్ మార్కో చేరుస్తుంది. మామగారు కూర్చున్నచోటు నుంచే ఊరు సగం చూసేస్తారు. పొద్దున ఎనిమిది లోపల ఎక్కితే సీటు దొరుకుతుంది, పదిన్నరకి నిలబడాల్సిందే.

హోటల్‌కి రాసే ఈమెయిల్ చిన్నదిగా, ఒక్కో ప్రశ్న ఒక్కో లైనులో ఉండాలి. వీధి నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లు? లిఫ్ట్ మా గది అంతస్తులో ఆగుతుందా? స్టేషన్ నుంచి మీ గుమ్మం దాకా వంతెన ఉందా? పెద్దవాళ్ల గదిలో బాత్‌టబ్ కాకుండా నేలకి సమంగా ఉన్న షవర్ ఇవ్వగలరా? ఈ చివరిది ఎవరూ అడగరు. పాత హోటళ్లలో మోకాలెత్తు టబ్‌లోకి కాలెత్తి దిగాలి, తడి కాళ్లతో బయటికి రావాలి, 71 ఏళ్ల వయసులో వెనిస్ వంతెనలన్నిటికంటే ప్రమాదం అదే. మీకు ముగ్గురి గది కావాలంటే మూడో మంచం మామూలు మంచమా, మడత మంచమా అని అడగండి. గట్టిగా ఎదిగిన పన్నెండేళ్ల పిల్లాడికి మడత మంచం చాలదు. చెక్-ఇన్‌కి అందరి అసలు పాస్‌పోర్టులూ చూపాలి, వివరాలు పోలీసులకి పంపడం అక్కడ చట్టం. నగర పన్ను మనిషికి, రాత్రికి ఇంత అని విడిగా తీసుకుంటారు, బుకింగ్ ధరలో చాలాసార్లు కలిసి ఉండదు. పదేళ్లలోపు పిల్లలకి లేదు, మీ బాబు వయసుకి సగం.

అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకుంటే వంట చేసుకోవచ్చన్న ఆలోచన ఉంటే ఈసారికి మానేయండి. గది ఖాళీ చేశాక సామాను పెట్టుకోవడానికి చోటుండదు, రాత్రి విమానం ఆలస్యమైతే తాళం ఇచ్చేవాళ్లుండరు. ఎవరైనా తప్పక తీసుకోవాల్సి వస్తే ప్రకటనలో సీఐఎన్ అనే జాతీయ గుర్తింపు నంబరు ఉందో లేదో చూడాలి. అది లేనిది అనుమతి లేని ఇల్లు.

ఏప్రిల్ నుంచి జులై మధ్య వెళ్లే మిగతా పాఠకులకి ఒక మాట. కొన్ని నిర్ణీత రోజుల్లో ఒక్కరోజు పర్యాటకుల దగ్గర వెనిస్ ప్రవేశ రుసుం తీసుకుంటోంది. రాత్రి బస చేసేవాళ్లకి మినహాయింపు ఉంది, మెస్త్రే కూడా వెనిస్ నగరపాలకంలోదే కాబట్టి అక్కడున్నా వర్తిస్తుంది. పాదువాలోనో రవెన్నాలోనో ఉండి పగలు చూసి పోయేవాళ్లు కట్టాలి. ఓడ ట్రియెస్తే నుంచి అయితే చిక్కే లేదు. వెనిస్ నుంచి నేరుగా రెండు గంటల రైలు, ఓడ ఆగేది ఊరి నడిమధ్య చౌకు పక్కన.

మీరు అడగకపోయినా వీసా గురించి చెప్పక తప్పదు. ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి అందులో ఉంది, మాంటెనెగ్రో లేదు. అంటే మీ ఓడ మధ్యలో ఒకసారి షెంగెన్ దాటి మళ్లీ లోపలికి వస్తుంది. వీసా ఒక్క ప్రవేశానికే ఉంటే చెక్-ఇన్ దగ్గరే ఆపేస్తారు. దరఖాస్తులోనే ఒకటికి మించి ప్రవేశాలు అడగండి. ఓడ కాగితాలతో పాటు వెనిస్ రెండు రాత్రుల బుకింగ్ కూడా జత చేయండి. వీసా చేతికొచ్చేదాకా ఏ గదైనా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి.

పెట్టెలు సర్దేటప్పుడు రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె ఇంట్లోనే వదిలేయండి. ఇలాంటి వేడిచేసే పరికరాల్ని క్రూజ్ కంపెనీలు ఓడలోకి రానివ్వవు, టెర్మినల్‌లో తీసేసుకుంటారు. ఇటలీ హోటల్ గదుల్లో కెటిల్ ఉండటం అరుదు, అత్తగారికి పొద్దున్నే కాఫీ కావాలంటే ఈమెయిల్‌లో ఆ లైను కూడా చేర్చండి. మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తేకూడదు, కాబట్టి కోడి పచ్చడి, నెయ్యి వద్దు. ఆవకాయ, గోంగూర నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు, సీసా మూత మీద టేపు చుట్టి చెక్-ఇన్ పెట్టెలో. చేతి సంచిలో పెడితే శంషాబాద్‌లోనే ఆపేస్తారు.